కోటిపల్లి రేవున పోలిపాడ్యమి

ఆశ్వయుజ కార్తికములు శరత్తనియు, మార్గశిర పుష్యములు హేమంతమనియు మనమందఱము చిన్ననాడు వల్లెవేసినవారమే. కాని శరత్తు ఏనాడు వెడలినదో, హేమంతము ఏనాడు వాకిట నిలిచినదో కనిపెట్టి చూచినవారము మనలో ఎందఱము? వేసవి వచ్చినచో చెమట చెప్పును. వానకాలము వచ్చినచో ఆరని బట్టలు చెప్పును. ఈ మార్పు మాత్రము చప్పుడు చేయక వచ్చును. తెల్లవాఱి లేచునప్పటికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టియుండిననాడు గాని గృహిణికి దాని సంగతి తెలియదు.

చప్పుడు చేయని ఈ సంధికి మన పెద్దలు ఒక దినమును ఏర్పఱచిరి. కార్తికామావాస్య మఱునాడు వచ్చు మార్గశిర శుద్ధ పాడ్యమియే పోలిపాడ్యమి. ఆ తెల్లవాఱుజామున ఏటిలో స్నానమాడి, అరటిదొప్పలలో దీపములుంచి నీటిపై విడుచుట మన ఆచారము. ఆ వేళను గౌతమీతీరమున గడపవలెనని మేము ఇంటివారము నలుగురము అమావాస్యనాటి సాయంకాలము ముక్తేశ్వరపు రేవున పంటు ఎక్కి, ఆవలి గట్టుననున్న కోటిపల్లికి దాటితిమి.

ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలిపోవును. ఆ రెంటి నడుమనున్నదే కోనసీమ. శ్రావణమున ఈ రేవునే ఎఱ్ఱని వఱదనీరు సుడులు తిరుగుచు, ఎక్కడి చెట్లనో మోసికొనుచు పోవును. కార్తికము ముగియునప్పటికి ఆ మట్టి యంతయు అడుగున దిగి, నీరు తేటపడియుండును. పంటు అంచున నిలిచి చూడగా, గట్టునకు చేరువలో అడుగునున్న ఇసుక గీతలు సయితము కనుపించినవి. లంకలయందు రెల్లుపూలు తమ తెలుపును చాలవఱకు గాలికి ఇచ్చివేసి, బూడిదవన్నె ఈనెలతో నిలిచియున్నవి. శరత్తు వెడలిపోవుచున్నదనుటకు అది మొదటి గుఱుతు.

చీకటి పడిన పిమ్మట సోమేశ్వరుని ఆలయమున దీపములు చూచి వచ్చి, రేవు మెట్లపై కూర్చుంటిమి. అమావాస్య గనుక ఆకాశమునిండ చుక్కలే. తూర్పున అప్పటికే పైకి వచ్చియున్న చిన్న చుక్కల గుంపును మాతోడి చిన్నది చూపి, అవి యేమని అడిగెను. పల్లెలలో దానిని పిల్లలకోడి యందురు. కృత్తిక యనునది అదియే. పూర్ణిమనాటి చంద్రుడు కృత్తిక చెంత నుండు మాసము కార్తికము, మృగశిర చెంత నుండు మాసము మార్గశిరము. రాత్రి ఎనిమిది గంటలగునప్పటికి ఆ మృగశిరయు తూర్పుదిక్కున తల యెత్తినది. నెలల పేర్లు పంచాంగపు కాగితములలో పుట్టినవి కావు. వాకిట నిలిచి తల యెత్తినవారి కన్నులలో పుట్టినవి.

తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచితిమి. రేవునకు దిగునప్పటికి ఏఱు కనుపింపలేదు. నీటిపై మోకాలెత్తున తెల్లని ఆవిరి, దానిపైన మంచు, ఆ మంచులోనుండి ఆడువారి మాటలు, గాజుల చప్పుడు. గాలికి వణకుచు నీట అడుగిడితిమి గదా, ఆశ్చర్యము! నీరు వెచ్చగా నున్నది. మబ్బులేని రాత్రి భూమి తన వేడిమిని ఆకాశమునకు విడిచి త్వరగా చల్లబడును. పైనున్న గాలియు చల్లబడును. నీరు మాత్రము పగటి వేడిని సులభముగా విడువదు. వెచ్చని నీటినుండి లేచిన ఆవిరి చల్లని గాలిని తాకి మంచుబిందువులగును. మన పొయ్యిమీది ఎసరు శీతకాలమున ఎక్కువ పొగలు గ్రక్కినట్లు కనుపించుటయు ఇట్టిదే.

ఒక్కొక్కటిగా దీపములు నీటిపైకి వచ్చినవి. దొప్ప కదలుట కనుపింపదు. మంచులో పసుపుపచ్చని వెలుగులు మాత్రము వరుసలై, నెమ్మదిగా దిగువకు నడచిపోవుచుండెను. మా ప్రక్కనే ఒక వృద్ధురాలు ముందుగా ఒక దొప్పను విడిచి, అది దూరమై కనుమఱుగగువఱకు చూచి, పిమ్మట రెండవదానిని విడిచెను. మేమును రెండేసి విడువవలెనేమోయని, "మామ్మా! రెండు దీపాలు ఎందుకు?" అని అడిగితిమి.

"ఒకటి పోలమ్మకి తల్లీ. ముందెల్లింది ఈడి అయ్యకి" అని ఆమె గట్టుననున్న కొడుకును చూపెను. "ఆ ఏడు గాలివానకి ఏటకెల్లి మరి రాలేదు."

ఏ గాలివానయో మేము అడుగవలసిన పని లేకపోయెను. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి, దీపావళికి కొలదిదినములు ముందుగా, కోనసీమపై విఱుచుకొనిపడిన తుపానును ఈ ప్రాంతమువారు మఱవలేరు. వెయ్యిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. సముద్రముపై వేటకు పోయిన జాలరులనేకులు తిరిగి రాలేదు. కొబ్బరితోటలు తోటలుగా నేలకొఱగినవి. నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకే ఆఱేడేండ్లు పట్టును. ఇంటి యజమాని పోయిన లోటు ఏ యేండ్లకును తీఱదు.

మనము అందమైనదని పొగడు ఈ సంధికాలమే బంగాళాఖాతమున తుపానులు లేచు కాలము. వానకాలము వెడలినను సముద్రజలము ఇంకను వెచ్చగానే యుండును. ఆ వేడియే గాలివానకు బలము. ఆ దినములలోనే పొలమున సార్వా పంట పండి, వెన్ను వంచి నిలుచును. కనుక ఇచ్చటి రైతుటిల్లాలు పచ్చని చేనిని చూచి మురియుచునే, తూర్పున మబ్బును చూచి గుండె చేతబట్టుకొనును.

"మరి ఈ నీళ్లంటే మీకు భయం లేదా?" అని అడిగితిమి.

"ఏరేం చేసిందమ్మా? అది గాలి చేసిన పని. ఏరు మాకు కూడెట్టింది. ఇదిగో, ఈ మంచు చూత్తే నాకు పేణం కుదుటపడతాది. మంచిలా నిలబడిందంటే గాలి లేదన్నమాట" అని ఆమె చెప్పెను.

శాస్త్రజ్ఞులును అంతే చెప్పుదురు. గాలి వీచుచో మంచు నిలువదు. డిసెంబరు వచ్చినంతనే భయము తీఱునని కాదు. 2023వ సంవత్సరమున డిసెంబరు 5వ తేదీననే ఒక తుపాను బాపట్లయొద్ద తీరము దాటినది. ఆమెకును అది తెలియును. ఐనను ఆ ప్రొద్దునకు ఆ నిశ్చలత చాలును. మేము మంచును చూచి "ఎంత సొగసు!" అనుకొంటిమి. ఆమె దానిలో ఒక దినపు క్షేమమును చూచినది. ఎవరిది సరియైన చూపో మేము చెప్పవలసిన పని లేదు.

వెలుగు వచ్చినది. మంచు నీటినుండి పైకి లేచి, తెరలు తెరలుగా విడిపోయెను. తడి ఇసుకపై కాటుకపిట్ట యొకటి తోక నాడించుచు పరుగిడుచుండెను. హిమాలయములనుండియు, ఆవలి దేశములనుండియు చలికి వెఱచి మన యేటిగట్టులకు వచ్చు అతిథి యది. మనకు వణకు పుట్టించు చలి దానికి వెచ్చని విడిది! దొప్పలు కొన్ని ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి. అరటివి నాలుగు నాళ్లలో మట్టిలో కలియును. వానినడుమ కనుపించిన ప్లాస్టిక్ గిన్నెలు మాత్రము ఎన్నటికిని కలియవు. దీపము విడుచు సోదరీమణులు ఈ యొక్క మాట మనసున నుంచుకొనవలెను.

తిరుగుదారిలో ముక్తేశ్వరము దాటిన పిమ్మట వరిచేలు కొన్ని కోతకు వచ్చి, కొన్ని కోసిన పనలతో పఱచుకొని యుండెను. పనలపై మంచు ఆఱుచుండగా లేచు ఆ గడ్డివాసన, పైన తూనీగల గుంపులు, గట్లమీద బంతిపూలు. ఒక కర్షకురాలు పనను త్రిప్పి అడుగు తడి చూచుచుండెను. ఆమెకును ఎండ కావలెను, గాలి వలదు.

ఇంత దూరము పోవలెనా యని చదువరులు అడుగవచ్చును. పోలి కథ మీకు తెలియనిది కాదు. అత్తయు తోడికోడండ్రును ఏటికి పోగా, ఇంట మిగిలిన కడగొట్టు కోడలు నూతియొద్ద స్నానమాడి, ప్రత్తిచెట్టు క్రింద రాలిన ప్రత్తితో వత్తి చేసి, కవ్వమునకు అంటిన వెన్నతో దీపము వెలిగించి, ఎవరును చూడకుండ దానిపై బుట్ట బోర్లించినది. విమానము ఏటిగట్టునకు రాలేదు. ఆ పెరటికే వచ్చినది.

కావున రేవునకు పోలేని యిల్లాలు చింతింప నక్కఱలేదు. పెరటిలో డిసెంబరుపూలు విచ్చుచుండును. పాదుపై గుమ్మడిపూలు, రానున్న గొబ్బెమ్మలకై కాచియుండును. ఉసిరికొమ్మ కాయలతో వంగియుండును. రాత్రి తలుపు వేయబోవుచు ఒక్క నిమిషము తూర్పుదిక్కు చూచినచో పిల్లలకోడి కనుపించును. తెల్లవాఱి ముగ్గు పెట్టుటకు తలుపు తెఱచినప్పుడు వీథి చివర మంచు నిలిచియున్నచో, ముగ్గుబుట్టతో ఒక్క క్షణము ఆగి చూడుడు. గాలి లేదు, చేనిలో పనలు క్షేమము, వేటకు పోయినవారు ఇల్లు చేరుదురు. ఆ మాట మనకు నేర్పిన వృద్ధురాలి ముందటి దీపమును మేము ఇప్పటికిని మఱవలేకున్నాము.