కాపరి బాటలో కదిరి దాకా

అనంతపురం నుంచి కదిరికి వెళ్లే దారి ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారిలో భాగం. పాత లెక్కలో 205. బత్తలపల్లి, ముదిగుబ్బ దాటి కదిరి చేరి, అక్కడి నుంచి ములకలచెరువు, మదనపల్లె, పలమనేరు మీదుగా తమిళనాడులోని కృష్ణగిరి దాకా పోతుంది. ఈ దారి పొడవునా ఏ ఊరి పొలిమేరలో చూసినా తెల్లవారుజామున తారు అంచున పరుగెత్తే పిల్లలు కనబడతారు. పోలీసు కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, సైన్యంలో చేరే ర్యాలీలోనూ అంతే దూరం. ఆ కొలత కోసం, కిలోమీటరు రాళ్లు లెక్క చూపిస్తాయి కాబట్టి, లారీలు వచ్చే దారి పక్కనే సాధన చేస్తారు. కరువు సీమలో పరుగు పందేలేమిటి, పొట్ట చేతబట్టుకుని బెంగళూరు బస్సెక్కే జనానికి ఇది ఎవరి సరదా అని అడిగేవాళ్లకు మొదటి జవాబు ఇక్కడే ఉంది. పరుగు ఇక్కడ ఎవరో తెచ్చిపెట్టేది కాదు, ఉద్యోగం కోసం ఇప్పటికే జరుగుతున్నది. లేనిదల్లా దానికి తగిన నేల, వేళ, వెనక నిలబడి చూసుకునే మనిషి.

అనంతపురంలో దీనికి పునాది లేకపోలేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అంటే జనం నోట ఆర్డీటీ, ఆసుపత్రులతో పాటు ఆటస్థలాలూ కట్టింది. 2016లో స్పెయిన్ నుంచి వచ్చిన రన్నర్లూ జిల్లా యువకులూ కలిసి పల్లెల మీదుగా రిలే పద్ధతిలో అల్ట్రా మారథాన్ కూడా పరుగెత్తారు. అలాంటి పరుగు రహదారి వదిలి మిట్టల మీదికి, గుట్టల మీదికి ఎక్కాలని, అది ఏటా జరగాలని కోరుకోవడం న్యాయమే. కాని ఎవరు నడపాలన్నదే అసలు ప్రశ్న. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో పరుగు సంఘాలు బాగా పెరిగాయి. వాటికి టైమింగ్ చిప్పులు తెలుసు, పతకాలు చేయించడం తెలుసు. ముదిగుబ్బ చుట్టుపక్కల నేల మీద అవి చాలవు. ఇక్కడ గుంపు పరుగు నిర్వహించే బల్ల దగ్గర మొదటి కుర్చీ గొర్రెల కాపరికి వేయాలని నా వాదన. గౌరవం కోసం కాదు, ప్రాణాల కోసం.

దారి బత్తలపల్లి చేరేసరికి జిల్లా మారిపోయి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడ్డాక అనంతపురంలో మొదలై ఈ దారిన సాగే ఏ కార్యక్రమానికైనా ఇద్దరు కలెక్టర్ల, ఇద్దరు ఎస్పీల అనుమతులు కావాలి. చిన్న విషయంలా ఉంటుంది గాని, ఆఖరి వారంలో కాగితాలు కదలక ఆగిపోయే పనులు ఇలాంటివే. బత్తలపల్లిలో ఆర్డీటీ పెద్దాసుపత్రి ఉంది. ఈ దారి మీద నిర్వాహకుడికి ఇంతకంటే ధైర్యమిచ్చే చోటు లేదు. అయితే ఆసుపత్రి ఎంత మంచిదైనా గుట్ట మీద పడిపోయిన మనిషి అక్కడికి చేరాలి. 108 వాహనాలు 2005 నుంచి తిరుగుతున్నాయి. ఫోను అందని వంక మలుపులో నిలబడి, ఎక్కడున్నారంటే ఏం చెప్పాలి? మ్యాపులో ఆ చోటుకు పేరుండదు. కాపరికి మాత్రం ప్రతి గుండుకూ, ప్రతి కుంటకూ, ఒంటి చింతచెట్టుకూ పేరుంటుంది. పరుగు బాటను ఆ పేర్లతో ముక్కలుగా విడగొట్టి, అవే పేర్లు అంబులెన్సు డ్రైవరుకూ వాలంటీరుకూ ముందే రాసివ్వడం డబ్బు ఖర్చులేని పని. వడదెబ్బ తగిలిన మనిషిని ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అంటే తడిపే నీళ్లూ నీడా ఎంత దగ్గరలో ఉన్నాయో తెలిసిన మనిషి అక్కడికక్కడే ఉండాలి.

బత్తలపల్లి దాటాక నేల మారుతూ ఉండగా దారి ముదిగుబ్బ చేరుతుంది. ఎర్రనేల పలచబడి గులకరాయి తేలుతుంది. గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు, వాటి మధ్య ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే పారే వంకలు, తుమ్మ, రేగు, సీతాఫలం పొదలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులలోనే కురుస్తుంది. చెనిక్కాయ పంట ఓడిపోయిన ఏళ్లలో ఇళ్లను నిలబెట్టింది జీవాలే. గొర్రెల సంఖ్యలో ఈ జిల్లా రాష్ట్రంలోనే ముందు వరసలో ఉంటుంది. ఆ మందలు తరాలుగా తొక్కిన బాటలే ఇక్కడి అసలు పరుగు బాటలు. అవి ఏటవాలును కోసుకుంటూ అడ్డంగా సాగుతాయి, నీటి దగ్గరికి తీసుకుపోతాయి, వానకు తెగిపోయే చోటు తప్పించుకుంటాయి. కొత్తగా దారి వెయ్యక్కర్లేదు. ఎవరి వెంట నడవాలో తెలిస్తే చాలు.

ఈ మాటకు సాక్ష్యం చైనా నుంచి వచ్చింది. 2021 మే 22న గాన్సు రాష్ట్రంలోని బైయిన్ దగ్గర, పసుపు నది ఒడ్డు రాతి కొండల్లో, వంద కిలోమీటర్ల పరుగుకు 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నానికి వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి. గాలి ఆపే కోటు తప్పనిసరి సామగ్రి జాబితాలో లేదు. చాలామంది పలచని బట్టల్లోనే ఉన్నారు. 21 మంది చలికి చనిపోయారు. ఆ రోజు ఆరుగురిని బతికించినవాడు జు కెమింగ్ అనే గొర్రెల కాపరి. వాతావరణం చెడగానే తాను తలదాచుకున్న గుహలోకి వాళ్లను చేర్చి, మంట వేసి, దుప్పట్లు కప్పాడు. ఆ పరుగుకు జీపీఎస్ ఉంది, పోషకులున్నారు, ప్రభుత్వ అండ ఉంది. ఎక్కడ తలదాచుకోవచ్చో మాత్రం కాపరికే తెలిసింది. అతణ్ని ముందే పిలిచి ఆ కొండ మధ్యాహ్నం ఎలా ఉంటుందని అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ చలి లేదు కదా, ఫోనులో జీపీఎస్ గీత పెట్టుకుంటే చాలదా అనే ఆక్షేపణ వస్తుంది. గీత బాట ఎటు పోతుందో చెబుతుంది, ఆ బాట మీద ఈ వారం ఏముందో చెప్పదు. అడవి పందుల బెడదకు కొందరు రైతులు చేను చుట్టూ రాత్రిళ్లు కరెంటు తీగ లాగుతారు. చట్టం ఒప్పుకోదు, అయినా లాగుతారు. ఆ తీగకు మనుషులూ బలయ్యారు. నీరు పడక వదిలేసిన బోరుబావుల్లో మూత వేయనివీ ఉంటాయి. మంద వైపు పరుగెత్తుకొచ్చే మనిషిని చూస్తే కాపలా కుక్క ఊరుకోదు. కాపరి ఒక్క కేక వేస్తేనే ఆగుతుంది. ఇక ఎలుగుబంట్లు. రాత్రంతా మేసి, తెల్లవారేలోపు గుండ్ల సందుల్లోకి తిరిగి చేరతాయి. ఎండ తప్పించుకోవాలని నగరాల్లోలా ఇక్కడ కూడా ఐదింటికి చీకట్లో పరుగు మొదలుపెట్టడమంటే ఆ తీగలకూ ఎలుగులకూ ఎదురెళ్లడమే. కాబట్టి వెలుగు పూర్తిగా వచ్చాకే బయలుదేరాలి, ఎండ ముదరకముందే ముగించాలి. ఆ రెండింటి మధ్య దొరికేది మూడున్నర గంటలు. గుట్ట బాటలో మామూలు రన్నరు ఆ సమయంలో హాయిగా దాటగలిగేది పదిహేను, ఇరవై కిలోమీటర్లు. దూరాన్ని పోస్టరు కోసం నిర్ణయించి తర్వాత వేళ సర్దడం తలకిందుల పద్ధతి. వేళే దూరాన్ని నిర్ణయించాలి.

వేళకు ఉన్నట్టే ఋతువుకూ కట్టుబాటుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లిన బృందాలను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం అడవిలో ట్రెక్కింగుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మన గుట్టల్లో బోద గడ్డి ఫిబ్రవరికే అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది. ఏ గుట్ట ఎప్పుడు అంటుకుంటుందో, గాలి ఎటు తిరుగుతుందో మేత కోసం తిరిగేవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఈ పరుగుల కాలం డిసెంబరు మొదట్లో తెరుచుకుని జనవరితో మూసుకోవాలి. రిజర్వు ఫారెస్టులో అడుగు పెడితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఇరుకైన బాటల మీద వందలమందిని ఒకేసారి వదలకుండా చిన్న జట్లుగా పంపాలి. ప్రతి జట్టు వెనకా ఒక మనిషి చివరివరకూ ఉండాలి. కాపరి మందను తోలుకుపోయేటప్పుడూ దొడ్డికి చేర్చేటప్పుడూ లెక్కపెట్టుకుంటాడు, ఒకటి తగ్గితే ఇంటికి పోడు. గుంపు పరుగులో అంతకంటే ముఖ్యమైన నియమం నాకు కనబడదు. బయలుదేరిన తలలూ చేరిన తలలూ సరిపోయేదాకా ఏ బహుమతీ ఇవ్వకూడదు.

నీళ్ల సంగతి మీద వచ్చే ఆక్షేపణ అన్నిటికంటే బరువైనది. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చేదాకా ఈ జిల్లా పల్లెలు ఫ్లోరైడు నీళ్లతో, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులతో బతికాయి. బిందెల వరస ఇంకా మరిచిపోని ఊళ్లో, సరదాగా పరుగెత్తేవాళ్లకు నీళ్లు పోయమనడం సిగ్గుచేటు కాదా అంటారు. అది నిజమైన మాట. దాన్ని దాటవేయకూడదు. లెక్క చూస్తే వందమందికి మనిషికి మూడు లీటర్ల చొప్పున మూడొందల లీటర్లు, తడపడానికి మరికొంత. మామూలు ట్యాంకరులో ఐదువేల లీటర్లు పడతాయి. పరిమాణం పెద్దది కాదు, ఎక్కడి నుంచి తెస్తారన్నదే ముఖ్యం. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఒక్క చెంబు తీసుకోకూడదు. నిర్వాహకులు కొని తేవాలి, మిగిలింది పశువుల తొట్టిలో పోయాలి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, ఎవరి లోటా వాళ్లదే. ఇక నీళ్లు పంచే పద్ధతి ఈ సీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. కదిరి నరసింహస్వామి తేరుకు, తిరుమలకు కాలినడకన పోయే జనం కోసం చలివేంద్రాలు పెట్టడం, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి పోయడం ఇక్కడ మామూలే. చెమటతో ఉప్పు పోయిన మనిషి వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదమని వైద్యులు చెబుతారు. ఆ సంగతి మజ్జిగ కుండ దగ్గర కూర్చునే అవ్వకు వేరే మాటల్లో తెలుసు. చేరాక చెనిక్కాయ బెల్లం ఉండలు, రాగి సంగటి పెడితే కొన్న పొడుల అవసరం ఉండదు.

ముదిగుబ్బ దాటి మలకవేముల వైపు సాగేటప్పుడు బాట ఎక్కువగా చేల మధ్య డొంకల్లోంచి పోవాలి. రైతు అనుమతి లేకుండా ఇది జరగదు. ఐర్లండు అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆ దేశంలో ఎవరి పొలంలోనైనా నడిచే హక్కు జనానికి లేదు. భూమి యజమాని ఒప్పుకోవాలి. అక్కడి కొండ పరుగుల సంఘం ఏటా పరుగులు నడపగలుగుతున్నది రైతులతో పెంచుకున్న మంచితనం మీద, సభ్యులే వంతులవారీగా చేసే వాలంటీరు పని మీద. 1995లో వచ్చిన చట్టం వల్ల, తన పొలంలో విహారానికి వచ్చినవాడు జారిపడితే రైతు భరించాల్సిన బాధ్యత బాగా తగ్గింది. దాంతో రైతు భయపడి గేటు మూసేయక్కర్లేదు. మనకు అలాంటి చట్టం లేదు గాని, ఏం జరిగినా రైతు మీదికి రాదని నిర్వాహకులు పంచాయతీలో రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు, బీమా చేయించవచ్చు. చెనిక్కాయ నవంబరుకల్లా పెరికేస్తారు, అంతరపంట కంది మాత్రం జనవరి దాకా నిలబడి ఉంటుంది. గట్టు దిగి చేలో అడుగు పెట్టినవాణ్ని పరుగు నుంచి తప్పించే నియమం ఉంటే రైతు రెండో ఏడాది తానే దారి చూపిస్తాడు.

కాపరిని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసుకుని పంపేస్తారన్న అనుమానం కొందరికి ఉంది. అది తప్పని నేను అనలేను. అలా జరిగిన చోట్లు తక్కువేం కాదు. అందుకే డబ్బు సంగతి ముందే తేలాలి. బాట చూడటానికి వచ్చిన రోజులకూ పరుగు రోజుకూ కాపరికి కూలి ఇవ్వాలి. ఆ రోజుల్లో అతని మంద మేపే మనిషికి వేరే కూలి కట్టాలి. అది నగరం నుంచి వచ్చేవాళ్ల రుసుములోంచి రావాలి. పక్క ఊళ్ల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, రుసుము ఉండకూడదు. లారీల మధ్య ఒంటరిగా పరుగెత్తే పిల్లల పక్కన పట్నం వాళ్లు గుట్ట మీద పరుగెత్తితే ఇద్దరికీ మేలే. ఆడపిల్లల్ని పంపరన్న మాట అన్ని ఊళ్లకూ వర్తించదు. వెంట ఊరివాళ్లున్నారని, చివరి మనిషి చేరేదాకా లెక్క చూస్తారని తెలిస్తే పంపే తల్లిదండ్రులు ఉన్నారు.

కదిరి దగ్గర మద్దిలేరు ఒడ్డుకు చేరాక దారి చీలుతుంది. ఒకవైపు గాండ్లపెంట మండలంలోని కటారుపల్లిలో వేమన సమాధి, గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను. ఐదెకరాల మేర నీడ పరిచిన ఆ మాను కింద పరుగు ముగించాలని చాలామందికి ఆశ పుడుతుంది. ఊడల మధ్య వందలమంది తొక్కిడికి ఆ చెట్టు వేళ్లు దెబ్బతింటాయి. చూసి రావడానికి నడకే మేలు. పరుగును కదిరిలోనే ఆపడానికి మరో కారణం రైలు. ధర్మవరం, పాకాల మధ్య లైను ఈ రోడ్డుకు తోడుగా ముదిగుబ్బ, కదిరి మీదుగానే పోతుంది. అంటే ముదిగుబ్బలో బయలుదేరిన జట్లు విడతలుగా, ఒక్కో వారం ఒక్కో ముక్క చొప్పున, కదిరి దాకా చేరి రైల్లో వెనక్కి రావచ్చు. బస్సులు మాట్లాడే ఖర్చు మిగులుతుంది. ఆ లైనులో రైళ్లు కొన్నే కాబట్టి రైలు వేళను బట్టే పరుగు ముగింపు వేళ పెట్టుకోవాలి. స్టేషను దగ్గర ఎక్కబోయే ముందు పట్టీ పట్టుకుని పేర్లు పిలిచే పని, బాట చూపిన కాపరికే అప్పగించాలి.