చెట్టు లేని చోట చెరువు

మా ఊరి వైపు చెరువంటే గట్టు మీద చెట్లుంటాయి, కింద వరి మడులుంటాయి. లదాఖ్‌లో సో మోరిరి అనే సరస్సు ఉన్నది. దాని చుట్టూ కొండలే గాని చెట్టన్నది లేదు. అక్కడి భాషలో 'సో' అంటే సరస్సు. అది సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అర్మకొండ సుమారు 1,680 మీటర్లే. అలాంటివి దాదాపు మూడు పేరిస్తే గాని ఆ నీళ్ల అంచు అందదు.

అక్కడ వాన చాలా తక్కువ. మరి నీళ్లు ఎక్కడివి? పైకొండల మీది మంచు, హిమానీనదాలు కరిగి వాగులై దిగుతాయి. దిగిన నీరు బయటికి పోయే దారి లేదు, ఎండకు ఆవిరవ్వాల్సిందే. ఉప్పు మాత్రం ఉండిపోతుంది. అందుకే ఆ నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. చలికాలం సరస్సు గడ్డ కట్టేస్తాది.

వాగులు కలిసే చోట తడినేల, పచ్చిక ఉంటాయి. అందరి బతుకూ ఆ పచ్చిక మీదే. తల మీద రెండు నల్లచారలున్న బాతులు వేసవిలో అక్కడ పిల్లలను లేపుతాయి. చలికి ఆ జాతి బాతులు హిమాలయాలు దాటి దక్షిణానికి వస్తాయి, తెలంగాణలో మంజీర దాకా కూడా. మా ఇంటి కోడి కంచె దాటడానికే ఎంత గోల చేస్తాదో!

ఆ పచ్చికలో మేకలు, గొర్రెలు, జడలబర్రెలు మేపేవాళ్లు చాంగ్‌పాలు. 1989 నుండి వాళ్లూ మనలాగే షెడ్యూల్డు తెగ. ఆ చలికి మేకలకు వెంట్రుకల కింద మెత్తటి ఉన్ని పెరుగుతుంది, అదే పష్మీనా. వాళ్లను సంచార జాతి అంటారు. నిలకడ లేనివాళ్లు అన్నట్టు చెప్తారు. నాకది నచ్చదు. వాళ్లు ఊరికే తిరుగుతారా? గడ్డి వేళ్లదాకా పోకముందే మందను తోలుకుపోతారు, మళ్లీ మొలిచాక వస్తారు. మా తాత కూడా పోడు కొట్టిన కొండను కొన్నేళ్లు వదిలేసేవాడట. దాన్నీ అలాగే అంటారు.

2002లో ఈ సరస్సును రామ్‌సార్ జాబితాలో చేర్చారు. చూడ్డానికి వచ్చేవాళ్ల జీపులు పచ్చిక మీదికే ఎక్కుతాయి. జనం పారేసిన తిండికి ఊరకుక్కలు మరిగాయి. ఆ కుక్కలే తడినేలలో నల్లమెడ కొంగ గూళ్ల మీద పడతాయి. ఆ కొంగ మామూలుగా పెట్టేది రెండే గుడ్లు.