మా డాక్టరమ్మ మొదటి పేషెంటు

"మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని ఎవరైనా అడిగితే ఐదున్నరేళ్ళ పాటు నా జవాబు ఒక్కటే – "డాక్టరు కోర్సండీ." అంతటితో ఊరుకుంటారా! "ఎంబీబీఎస్సేనా?" అని రెండో ప్రశ్న తయారు. "కాదండీ, ఆయుర్వేదం" అనేసరికి నా గొంతు నాకే వినిపించేది కాదు. "ఓహో... అలాగా..." అంటూ వాళ్ళు తీసే ఆ దీర్ఘం ఉంది చూశారూ, అది విన్నాక పెళ్ళి భోజనం కూడా సహించేది కాదు.

మా అమ్మాయి నీట్ రెండుసార్లు రాసింది. ఎంబీబీఎస్‌కి ర్యాంకు చాల్లేదు. బీఏఎంఎస్‌లో సీటొచ్చింది. నేను పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే మావారు మాత్రం, "మీ తాతయ్య ఏం చదివారో మర్చిపోయావా?" అన్నారు.

నిజమే. మా తాతయ్య మద్రాసులో ఎల్.ఐ.ఎం. చదివారు. అక్కడ కీల్పాకులో 1925లో ప్రభుత్వంవారు దేశీయ వైద్య పాఠశాల పెట్టారు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీలతోపాటు ఇంగ్లీషు వైద్యం పాఠాలు కూడా అక్కడ చెప్పేవారు. అందుకే తాతయ్య బల్ల మీద ఒక పక్క స్టెతస్కోపు, ఇంకో పక్క మందులు నూరే కల్వం ఉండేవి. ఆ పాఠశాలే చివరికి 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీగా మారింది. తాతయ్య పోయాక ఆ కల్వంలో మా అమ్మ యాలకులు నూరుకునేది. ఆయన చదువుకి మేమిచ్చిన మర్యాద అదీ!

అమ్మాయి కాలేజీలో చేరాక గానీ ఆ చదువు ఎంతో నాకు తెలియలేదు. శవాన్ని కోసి శరీరం గురించి నేర్చుకున్నారు. కాన్పులు, పిల్లల జబ్బులు, ఆపరేషన్లు, విషాలకు విరుగుళ్ళు – అన్నీ ఉన్నాయి. పైగా సగం చదువు సంస్కృతంలో! నాలుగున్నరేళ్ళు తరగతులు, ఆపైన ఏడాది ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ.

ద్రవ్యగుణం అని ఒక సబ్జెక్టు ఉంది. అదంతా మొక్కల గురించే. మొక్కలు తెచ్చి, ఎండబెట్టి, అట్టలకు అంటించి పేర్లు రాయాలి. సెలవులకి ఇంటికొస్తే మా పరుపుల కింద పాత పేపర్లు, పేపర్ల మధ్య ఆకులు! ఒకరోజు తల పట్టుకుని కూర్చుంది. "అమ్మా, అపామార్గం అంటే ఏంటో ఎంత చదివినా గుర్తుండటం లేదే" అంది. నాకు నవ్వొచ్చింది. "ఉత్తరేణి కదుటే! ఏటా వినాయకచవితికి పత్రిలో వేస్తాంగా" అన్నాను. సింధువారం అంటే వావిలి, అర్జునం అంటే మద్ది, బృహతి అంటే వాకుడు... ఇరవై ఒక్క పత్రి పేర్లూ పూజ పుస్తకంలో ఉన్నవే. మా అమ్మాయి నోరు తెరిచి చూసింది. నేను మాత్రం ఆ రోజంతా కొంచెం గర్వంగానే తిరిగాననుకోండి.

"కానీ అమ్మా," అంది రాత్రి అన్నం తింటూ, "అదే పత్రిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది. రెండూ విషాలే. ఆకు కదా అని ఏదీ నోట్లో పెట్టుకోకూడదు, తెలుసా?" అంది. "అది కూడా తెలీదా నాకు" అన్నాను.

తెలిస్తే ఆ తర్వాత నేను చేసిన పని చేస్తానా, మీరే చెప్పండి!

నాకు ఆరేళ్ళుగా సుగరు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. అమ్మాయి పట్టా పుచ్చుకునే రోజు దగ్గర పడుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. కూతురు ఆయుర్వేదం డాక్టరైతే తల్లి ఇంగ్లీషు మందులు మింగడమేమిటి? ఇన్నాళ్ళూ దాని చదువుని చిన్నచూపు చూశాను, కనీసం ఇప్పుడైనా నమ్మకం చూపించాలి కదా! పక్కవీధి పిన్నిగారు ఎవరి దగ్గరో కొని తెచ్చిన పొడి ఒక డబ్బాడు ఇచ్చారు. "పొడపత్రి, నేరేడు గింజలు, ఇంకా ఏవో వేశారట, మాత్రల పనే లేదు" అన్నారు. మాత్రలు అలమరలో దాచేశాను. పొడి మొదలుపెట్టాను. మావారికి చెప్పలేదు, అమ్మాయికి అసలే చెప్పలేదు. పట్టా చేతికొచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

అలా నలభై రోజులు గడిచాయి. ఆ రోజు రానే వచ్చింది. పట్టుచీర కట్టుకుని కాలేజీ హాల్లో రెండో వరసలో కూర్చున్నాను. నల్ల గౌన్లు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి ప్రతిజ్ఞ చేస్తుంటే ఒళ్ళు పులకరించింది. కానీ నోరు ఒకటే పిడచకట్టుకుపోతోంది. సీసాడు నీళ్ళు తాగాను, మావారి సీసా కూడా ఖాళీ చేశాను. గంటలో మూడుసార్లు బాత్రూమ్‌కి లేచాను. పది రోజులుగా ఇంతే, ఎండల వల్లేలే అనుకుంటున్నాను.

అమ్మాయి స్టేజీ మీదికెళ్ళి పట్టా పుచ్చుకుంది. దిగి తిన్నగా నా దగ్గరికొచ్చింది. కాళ్ళకు దండం పెడుతుందేమోనని నేను అక్షింతలు వెతుక్కుంటుంటే, అది నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"అమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?"

నేను గర్వంగా పొడి సంగతి చెప్పాను. దాని మొహం పాలిపోయింది. పది నిమిషాల్లో నా చుట్టూ డజను మంది కొత్త డాక్టర్లు! ఎవరో సుగరు చూసే మిషను తెచ్చి వేలి మీద సూది గుచ్చారు. 438!

"ఏదైనా కషాయం ఇవ్వవే" అన్నాను భయంగా. "కషాయం కాదమ్మా, ఆస్పత్రి" అంది. గౌను విప్పి స్నేహితురాలి చేతికిచ్చి, ఆటో పిలిచి, నన్ను ఎక్కించింది. ఆస్పత్రిలో సెలైను, ఇన్సులిను పెట్టారు. రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ళ బ్యాచ్ అంతా కలిసి ఫొటో దిగారట. అందులో మా అమ్మాయి లేదు. ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే నాకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

మంచం పక్కన కూర్చుని ఆ రాత్రి అది చెప్పిన మాటలు మాత్రం మర్చిపోలేను. "తగ్గించగలిగిన రోగమేదో, చేతికందనిదేదో ముందు తెలుసుకోమని చరకుడే చెప్పాడమ్మా. అది తెలియకుండా చెయ్యి పెట్టిన వైద్యుడికి డబ్బూ విద్యా కీర్తీ అన్నీ పోతాయన్నాడు. నిన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకురావడం నా వైద్యం ఓడిపోవడం కాదు, నా వైద్యమే అది."

ఇంకోటి కూడా చెప్పింది. నేను మానేసిన ఆ మెట్‌ఫార్మిన్ మాత్ర కథ కూడా మొక్కతోనే మొదలైందట! యూరప్‌లో గెలీగా అని ఒక మొక్క ఉంది. అందులోని పదార్థం రక్తంలో చక్కెర తగ్గిస్తుందని తెలిసినా, అది విషం కావడంతో పక్కన పెట్టారట. దాని జాతికే చెందిన ఈ మందు 1922లోనే తయారైంది. 1957లో ఫ్రాన్సులో ఒక డాక్టరు దీన్ని సుగరుకి వాడి చూపించాడు. "మొక్కని నమ్మాలంటే మాత్ర మానక్కర్లేదమ్మా" అంది.

పొడి డబ్బా చూపిస్తే తిప్పి తిప్పి చూసింది. "ఇందులో ఏముందో రాయలేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. ఆయుర్వేదం మందుకైనా ఇవన్నీ ఉండాలి" అంటూ చెత్తబుట్టలో పారేసింది.

ఇంటికొచ్చాక పలకరించడానికి చుట్టాలొచ్చారు. "ఏమైందే మీ అమ్మకి?" అని మా ఆడపడుచు అమ్మాయినే అడిగింది. అది నవ్వి ఊరుకుంది. తర్వాత నేను, "నా పరువు కాపాడావే" అంటే, "పరువు కాదమ్మా. వైద్యానికి వెళ్ళిన ఇంటి సంగతులు బయటపెట్టకూడదని చరకుడు శిష్యులకి నియమం పెట్టాడు. నువ్వు నా మొదటి పేషెంటువి" అంది.

తను చెప్పదు కాబట్టి నేనే మీకు చెబుతున్నాను. పొడులూ కషాయాలూ వాడాలనుకుంటే మీ డాక్టరుకి చెప్పి వాడండి. వేసుకునే మాత్రలు మాత్రం మీకు మీరే ఆపకండి.

అన్నట్టు, తాతయ్య కల్వం మా అమ్మ దగ్గర్నుంచి తెచ్చేశాను. యాలకుల వాసన పోయేదాకా కడిగి అమ్మాయి బల్ల మీద పెట్టాను. దాని పక్కన స్టెతస్కోపు ఉంది. ఇప్పుడెవరైనా "మీ అమ్మాయి ఎంబీబీఎస్సేనా?" అంటే, "కాదండీ, ఆయుర్వేదం" అని గట్టిగానే చెబుతున్నాను.