పాత యజమాని రాసిన మాట
పాత యజమాని మీ గురించి చెడుగా రాసిస్తే మీరేం చేస్తారు? నాకు అలా జరిగింది. నేను మొదట పనిచేసిన ప్రైవేటు బడివారు అనుభవ పత్రంలో ‘ప్రవర్తన సంతృప్తికరంగా లేదు’ అని రాశారు. జీతం బకాయి అడిగినందుకు! (ఆ బకాయి ఇప్పటికీ రాలేదు లెండి.)

ఆ కాగితం దాచేశాను. తర్వాతి ఇంటర్వ్యూలో ‘ఆ రెండేళ్లు ఏం చేశారు?’ అని అడిగితే నీళ్లు నమిలాను. ఉద్యోగం రాలేదు.

మరోచోట పత్రాన్ని నేనే ముందుగా చూపించాను. బకాయి సంగతి రెండు ముక్కల్లో చెప్పాను; ఎవరినీ తిట్టలేదు. నాతో పనిచేసిన పెద్ద టీచరుగారి ఉత్తరం, జీతం రసీదులు జతచేశాను. మీకు పి.ఎఫ్. ఉంటే ఆ పాస్‌బుక్ చూపండి. అందులో చందా కట్టిన నెలలుంటాయి, యజమాని అభిప్రాయం ఉండదు.

వారు టీచరుగారి ఉత్తరం రెండుసార్లు చదివి, ‘సోమవారం రండి’ అన్నారు.