వెలుగు ఎక్కడ ఆగింది?

కరెంటు పోతే మనవాళ్లు ముందు పక్కింటి వైపు చూస్తారు. వాళ్లకూ లేదని తేలితే సగం మనశ్శాంతి! ఇంటర్నెట్ పోయినప్పుడు చేయవలసిన మొదటి పరీక్ష కూడా సరిగ్గా ఇదేనని నాకు చెప్పినవాడు మా మడికొండలో ఫైబర్ కనెక్షన్లు చూసే లైన్‌మన్ అన్న. ఒక్క ఇంట్లో పోతే ఆ ఇంటి తీగలోనో, డబ్బాలోనో లోపం. ఒక వాడంతా పోతే స్తంభం మీది స్ప్లిటర్ విప్పాలి. ఒక్క దారంలో వచ్చే వెలుగును ముప్పై రెండు ఇళ్లకు పంచేది అదే. సగం ఊరు పోయిందంటే పెద్ద కేబుల్ తెగినట్టే.

గోడకున్న డబ్బాకు కరెంటు పోయినప్పుడు అది ఆరిపోయే ముందు, లోపల మిగిలిన కాస్త శక్తితో, 'నేను పోతున్నా' అని ఒక ఆఖరి కబురు పంపుతుందట. ఇంజినీర్లు దాన్ని 'డైయింగ్ గ్యాస్ప్' అంటారు. ఆ కబురు అందితే కరెంటు లేదని అర్థం. అందకుండానే డబ్బా మూగబోతే దారం తెగిందని అనుమానం. నిర్జీవమైన యంత్రానికి కూడా కడ ఊపిరి ఉంటుందని తెలిసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ దారం మధ్యలో వెలుగు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లు. మన తల వెంట్రుక దాని ముందు మోకు. 1966లో చార్లెస్ కావో, హాకమ్ అనే ఇద్దరు ఇంగ్లండులో కూర్చుని, గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు మైళ్ల కొద్దీ పోతుందని లెక్క కట్టారు. అప్పటికి వాళ్లు కోరుకున్నది కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు మిగిలితే చాలునని. ఇవాళ మంచి దారంలో నూటికి తొంభై అయిదు వంతులు మిగులుతున్నది. కావోకు నోబెల్ బహుమతి రావడానికి మాత్రం 2009 దాకా పట్టింది. మా ఇంటి డబ్బాకు మిల్లీవాట్‌లో అయిదువందలో వంతు వెలుగు చేరినా చాలు, పని నడుస్తుంది. ఇదంతా ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే. కానీ పుస్తకంలో మా బాపు లేడు.

నిరుడు మే నెలలో బాపు మా పొలం పక్క కాలువ పూడిక తీయించాడు. జేసీబీ రెండు గంటలు నడిచింది. రోడ్డు వెంట, మా గెట్టు అవతల, భూమిలో ఆ కేబుల్ ఉంది. తెల్లారేసరికి సగం ఊరికి నెట్ లేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పట్నం నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు, పచ్చిమట్టి చూశాడు, తీర్పు చెప్పేశాడు. పదిహేను వేలు కట్టాలట.

"నేను గెట్టుకు ఇవతలే తోడిచ్చిన సారూ" అన్నాడు బాపు.

"అందరూ గట్లనే అంటరు పెద్దమనిషీ" అన్నాడాయన.

మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచారు. మెట్టుగుట్ట బండల కింద పెరిగిన ఊరికి కంప్యూటరు కొలువు చుట్టమైంది. ఇంట్లో కూర్చుని రాత్రంతా పని చేసే పిల్లలు మా వాడలోనూ ఉన్నారు. వాళ్లంతా మా ఇంటివైపు చూసిన చూపు పదిహేను వేలకంటే బరువు. బాపు ఆ రోజు హోటల్‌కు చాయ్ తాగను పోలేదు.

మధ్యాహ్నం ఓటీడీఆర్ అనే యంత్రం వచ్చింది. అది దారంలోకి చిటికెడు వెలుగు వదులుతుంది. గాజు అణువణువూ దానిలో రవ్వంత వెనక్కి విసురుతుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం చెబుతుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. తెర మీద గీత నెమ్మదిగా దిగుతూ పోయి, 1,430 మీటర్ల దగ్గర ఒక్కసారిగా కూలిపోయింది. అంటే వెలుగు పోయి వచ్చింది 14 మైక్రోసెకన్లలో!

మా పొలం దాకా రోడ్డు కొలత 1,200 మీటర్లు. సూపర్‌వైజర్ తగ్గలేదు. "కేబుల్ అక్కడక్కడ చుట్టలు చుట్టి పెడ్తరు, దారం పొడుగు ఎప్పుడూ ఎక్కువే ఉంటది" అన్నాడు. అది అబద్ధం కాదు. చుట్టలు నిజంగానే పెడతారు. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు లైన్‌మన్ అన్న తెర మీద వేలు పెట్టాడు. 1,310 దగ్గర గీతలో చిన్న మెట్టు ఉంది. "సార్, గిది జాయింటు. రెండు దారాలు అతికిచ్చిన కాడ వెలుగు జర తగ్గుతది. ఆ జాయింటు పెట్టె పాతిపెట్టింది నేనే. కాక పొలం దాటినంక, వేపచెట్టు కింద ఉన్నది. వెలుగు దాన్ని దాటి పోతున్నదంటే కాక పొలం కాడ దారం మంచిగనే ఉన్నట్టు గదా?"

కొలత ఎంత తప్పైనా వరుస తప్పదు. ముందున్నది తెగితే వెనకున్నది కనిపించదు. మూడేళ్లుగా నేను చదివిన ఆప్టిక్స్‌లో ఇంత సూటి వాదన నాకు ఎదురుపడలేదు. చెప్పినవాడి చదువు ఇంటర్. అతని జీతం ఎంతో రాస్తే ఆయనకు నామోషీ, చదివేవాళ్లకు సిగ్గు.

వేపచెట్టు దాటి నూరడుగులకు పైనే, రోడ్డు కింద మోరీ ఉంది. గొట్టం లాగి చూస్తే కేబుల్ పైతొడుగు కొరికి కొరికి పీచుపీచు అయింది. పందికొక్కు! మా వడ్ల బస్తాలకు చిల్లులు పెట్టే జాతే.

అతికించే పని పొద్దుగూకే దాకా నడిచింది. దుమ్ము పడకుండా కారులోనే యంత్రం పెట్టుకుని, ఒక్కొక్క దారం ఒలిచి, తుడిచి, కోసి, ఎదురెదురు పెట్టి మెరుపుతో కరిగించారు. సూపర్‌వైజర్ పదిహేను వేల ఊసెత్తలేదు. తప్పైందని కూడా అనలేదు. ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

బాపు మోరీ దగ్గరే నిలబడి ఉన్నాడు. "అరేయ్, పందికొక్కుల మందు ఇంట్ల ఉన్నది, తెచ్చి పెట్టమంటవా?" అని అడిగాడు లైన్‌మన్ అన్నను.

"వద్దు కాకా, కుక్కలు తింటయి" అని ఆయన నిచ్చెన బండికి కట్టుకున్నాడు. స్టేషన్ రోడ్డులో ఎవరింట్లోనో ఎర్రలైటు వెలుగుతున్నదట.