ఆంగ్లభాషాబోధనము: ఒక యుపాధ్యాయుని యనుభవము

ఈ యేడు మన పత్రికకు ఆంగ్లభాషాబోధనమునుగూర్చి నాలుగు మాటలు వ్రాయుమని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. శిక్షణకళాశాలలో నేర్చిన సూత్రములను మరల వల్లెవేయుట సులభమే గాని, వానివలన తలిదండ్రులకును విద్యార్థులకును కలుగు లాభమేమి? కావున నా తరగతిలో నాకు జరిగిన పరాభవమునే విన్నవించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆఱవ తరగతివారికి ‘ఇన్’, ‘ఆన్’ అను చిన్న మాటలు బోధించుచుంటిని. పెట్టెలో సుద్దముక్క నుంచి, “ఇన్ అనగా లోన” అని తెలుగున చెప్పి, ఆ మాటకు తగిన బొమ్మను గీయుడంటిని. ఒకడు బుట్టలో పండును, ఒకతె కుండలో నీటిని గీసిరి. వెనుకబల్లమీది కోయబాలుడు మాత్రము చక్కని పూరిల్లు గీసి, దాని ముంగిట ఒక కోడిని సైతము నిలిపెను. నేను నవ్వితిని. గురువు నవ్వగా శిష్యులు ఊరకుందురా? తరగతి యంతయు నవ్వెను. బాలుడు పలక బోర్లించి తలవంచుకొనెను. మఱుసటి వారమునుండి బడికి రాలేదు.

కోయభాషలో ‘లోను’ అనగా ఇల్లని నా కటుపిమ్మట తెలిసినది. మనకు ‘ఏరు’ ప్రవాహము. వారికి ఆ మాటయే నీరు. వాడు విన్న మాటకు సరియైన బొమ్మనే గీసినాడు. తెలియని మాటను తెలియని మాటతో వివరించి, ఆపైన నవ్వినవాడను నేను.

మన ప్రాంతమున దీనికంటె సిగ్గుపడదగిన విషయ మింకొకటి కలదు. భద్రాచలమునకు ఎగువ, గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో, 1860 ప్రాంతమున నదీనిర్మాణపు పనులు చూచుచుండిన ఇంజనీరు హేగుదొరగారి పూనికతో కోయలమధ్య మిషనుపని యారంభమైనది. తరువాత వచ్చిన జాన్ కెయిన్‌గారు గోండీకి దగ్గఱి బంధువగు ఈ కోయభాషను నేర్చిరి. లూకా సువార్తయు దానిలోనికి తర్జుమా చేయబడెను. సముద్రములు దాటివచ్చిన వారికి పందొమ్మిదవ శతాబ్దములోనే అబ్బిన భాషలో, ఇరువది యేండ్లుగా ఈ యడవియంచున జీతము తినుచున్న నేను ‘ఇల్లు’ అను మాట నెఱుగనైతిని!

ఆంగ్లమును పరభాషగా నేర్పువారికి లోకమున సహాయము తక్కువగా లేదు. హెరాల్డ్ పామర్‌గారు 1922లో జపానుదేశమునకు పోయి, పుస్తకమునకు ముందు చెవికిని నోటికిని పని కల్పింపవలెనని బోధించిరి. లెమ్ము, కూర్చుండుము, తలుపు తెఱువుము అని ఆజ్ఞాపించుచు, పిల్లలచే ఆ పనులు చేయించుచు భాష నేర్పు పద్ధతిని ఆయన ప్రచారము చేసిరి. దీనికి కాసైన ఖర్చు లేదు. వేపచెట్టు నీడ చాలును. ఢాకాలో ఉపాధ్యాయశిక్షణము నెఱపిన మైకేల్ వెస్ట్‌గారు, పిల్లవానిమీద ఒక్కసారిగా మాటల మూట వేయరాదనిరి. 1953లో వారు ప్రకటించిన పట్టికలో ముఖ్యమైన మాటలు సుమారు 2000 మాత్రమే. హార్న్‌బీగారును వారి మిత్రులును జపాను విద్యార్థులకొఱకు కూర్చిన నిఘంటువు 1942లో టోకియోలో వెలువడెను. దాని సంతతియే నేడు ఆక్స్‌ఫర్డువారి పేర మన గ్రంథాలయపు బీరువాలో, అట్ట చినిగి, కూర్చున్నది. మన హైదరాబాదులోనే 1958లో స్థాపింపబడిన కేంద్ర ఆంగ్లసంస్థ నేడు ఆంగ్లమునకును విదేశీభాషలకును విశ్వవిద్యాలయమై యున్నది.

ఇన్ని యుండియు నా కాదినమున ఏదియు తోడు రాలేదు. ఈ గ్రంథములలోని బాలునికి ఇంట నొక భాష, బడిలో నేర్వవలసిన దింకొకటి. మా వెనుకబల్లవానికి ఇంట కోయ, బడిలో తెలుగు, పుస్తకమున ఆంగ్లము. తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 2022-23 నుండి 1 మొదలు 8 వఱకు తరగతులకు ఆంగ్లమాధ్యమము వచ్చినప్పుడు పలువురు తలిదండ్రులు సంతోషించిరి. నేనును సంతోషించినవాడనే. అయినను గూడెమునుండి వచ్చు పసివాని కిది మెట్లు లేని మేడవంటిది.

బాలుని వెదకుచు ఒక శనివారము వాని గూడెమునకు పోయితిని. వాడు తండ్రితో మిరపకాయ కోతలకు ఖమ్మమువైపు పోయినాడట. తల్లి మంచము వాల్చి, సొరకాయబుఱ్ఱతో నీళ్లిచ్చెను. జరిగినది చెప్పి, తప్పు నాదే యంటిని. ఆమె కొంతసేపూరకుండి, “అయ్యా, ఇంగిలీసు వస్తే వాడు మళ్లీ మాతో మాట్లాడతాడా?” అని యడిగెను. వానికి ఉద్యోగము వచ్చునా యని యడుగునని యెదురుచూచిన నాకు ప్రత్యుత్తరము తోచలేదు. త్రాగిన నీటికి ఆమె భాషలో పేరేమని మాత్ర మడిగితిని. ఆమె నవ్వి చెప్పినది.

ఆ దినముననే ఒక నోటుపుస్తకము మొదలిడితిని. మొదటి వరుసలో తెలుగు లిపిలో కోయమాట, రెండవదానిలో తెలుగు, మూడవదానిలో ఆంగ్లము. ప్రధానోపాధ్యాయుల యనుమతితో పదవ తరగతి చదువుచున్న యొక కోయబాలికను వారమునకు రెండు దినములు ఆఱవ తరగతిలో నాప్రక్కన నిలుపుకొంటిని. నేను ఆంగ్లమున ఆజ్ఞాపింతును, పిల్లలు చేయుదురు, తడబడినవారికి ఆమె కోయలో నొకమాట చెప్పును. కాలము వృథా యగుచున్నదని మా యుపాధ్యాయులలో నొకరిద్దఱనిరి. పాఠములు వెనుకబడిన మాట నిజమే. వానిని శనివారములలో పూర్తిచేసితిమి. పుస్తకములో నిప్పటికి మూడువందలకు పైబడి మాటలున్నవి. తప్పులును ఉండవచ్చును. గూడెముల పెద్దలెవరైన చూచి దిద్దినచో కృతజ్ఞుడనై యుందును.

బాలుడు వేసవి సెలవుల తరువాత వచ్చెను, తల్లియే తోడుగా. ఇప్పుడు వాడు ముందు బల్లమీద కూర్చుండి, నా కోయ యుచ్చారణమును మొగమాటము లేక దిద్దుచుండును. మొన్న ఇప్పపువ్వువద్ద ఆగితిమి. నిఘంటువు తిరుగవేసి, ఆంగ్లేయులును ‘మహువా’ యను హిందీమాటనే వాడుదురని చెప్పితిని. వాడు విస్మయముతో నావైపు చూచి, “వాళ్లు కూడా అడిగి తెచ్చుకుంటారా, సార్?” అనెను.