ఇమామ్ తిర్మిజీ ఊరిలో

ఉజ్బెకిస్తాన్ దక్షిణపు కొసన, ఆమూ దర్యా ఒడ్డున తిర్మిజ్ అనే పట్టణం ఉంది. ఆవలి ఒడ్డు అఫ్గానిస్తాన్. అరబీ గ్రంథాలలో జైహూన్‌గా మనం చదువుకునే నది ఇదే. ఇరవై ఏళ్లుగా మదరసాలో ‘జామె తిర్మిజీ’ బోధిస్తున్న నాకు ఈ ఊరిని కళ్లారా చూడాలన్న కోరిక ఉండేది. అల్లాహ్ అనుగ్రహంతో గత అక్టోబరులో ఇద్దరు సహాధ్యాపకులతో కలిసి ఆ భాగ్యానికి నోచుకున్నాను.

అయితే నేను తేలికైన మనసుతో బయలుదేరలేదు. ప్రయాణానికి పది రోజుల ముందు, ఒక హదీసు సనద్ (ఉల్లేఖకుల పరంపర) చెబుతూ ఒక పేరు తప్పు పలికాను. వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు “హజ్రత్, గ్రంథంలో వేరే పేరుంది” అన్నాడు. గ్రంథం చూడకుండా సనద్ చెప్పడం నా అలవాటు. అందులో కొంత గర్వమూ ఉండేది. అతన్ని మందలించి పాఠం కొనసాగించాను. రాత్రి ఇంట్లో గ్రంథం తెరిచి చూస్తే తప్పు నాదే. మరునాడు తరగతిలో ఆ మాట ఎత్తలేకపోయాను.

తిర్మిజ్ ప్రశాంతమైన ఊరు. ప్రాచీన నగరాన్ని 1220లో చెంఘిజ్ ఖాన్ సేనలు నాశనం చేశాయి. ఆ శిథిలాల చెంత, నదికి చేరువలో హకీమ్ తిర్మిజీ (రహ్మ.) సమాధి ఉంది. ఆయన సూఫీ పండితులు. హదీసువేత్త అయిన ఇమామ్ తిర్మిజీ వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. దగ్గరలోనే కరాతెపె, ఫయాజ్‌తెపె అనే బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఈ ఊరి విహారాలను చూసి వెళ్లాడు. కృష్ణా తీరంలోని నాగార్జునకొండను ఎరిగిన మాకు ఆ ఇటుక గోడలు పరాయివిగా తోచలేదు. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమన్న ఖుర్ఆన్ ఉపదేశం గుర్తుకొచ్చింది. ఊరికి కొద్ది దూరంలో నదిపై 1982లో కట్టిన వంతెన ఉంది. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్ నుంచి ఈ వంతెన మీదుగానే వెనుదిరిగాయి. సామ్రాజ్యాలు వచ్చాయి, పోయాయి. నది మాత్రం ప్రవహిస్తూనే ఉంది.

ఇమామ్ తిర్మిజీ (రహ్మ.) సమాధి తిర్మిజ్‌లో లేదు. సుమారు 60 కిలోమీటర్ల దూరాన, షేరాబాద్ ప్రాంతంలో ఉంది. హిజ్రీ 209లో జన్మించిన ఆ మహనీయులు ఇమామ్ బుఖారీ (రహ్మ.) శిష్యులు. హదీసు కోసం ఖురాసాన్, ఇరాక్, హిజాజ్ తిరిగారు. ప్రతి హదీసు స్థాయి ఏమిటో, పండితుల ఆచరణ ఏమిటో విడమరిచి చెప్పడం వారి గ్రంథ విశిష్టత. చివరి రోజుల్లో చూపు కోల్పోయి, హిజ్రీ 279లో పరమపదించారు.

సమాధివాసులకు సలాం చెప్పి, వారి కోసం అల్లాహ్‌ను వేడుకున్నాను. అడగవలసినది అల్లాహ్‌నే. సమాధుల సందర్శనం మనకు పరలోకాన్ని గుర్తు చేయడానికే.

అక్కడ నిలబడి ఉండగా, నేను ఏటా విద్యార్థులకు చెప్పే ఉదంతమే నన్ను నిలదీసింది. చూపు పోయాక ఇమాముగారు ఒంటెపై వెళ్తూ ఒకచోట తల వంచారట. కారణమడిగితే, “ఇక్కడ కొమ్మలు వాలిన చెట్టు ఉంది కదా” అన్నారట. చెట్టేదీ లేదని తోటివారు చెప్పగా ఆయన కలవరపడి, “విచారించండి. ఇక్కడ చెట్టు లేకపోయి ఉంటే నా జ్ఞాపకం చెడినట్టే, ఇకపై హదీసు ఉల్లేఖించను” అన్నారట. పూర్వం అక్కడ చెట్టు ఉండేదనీ, తరువాత నరికివేశారనీ ఊరివారు చెప్పాకే ఆయన మనసు కుదుటపడిందట.

ఒక చెట్టు విషయంలోనే ఆయన అంత భయపడ్డారు. నేనేమో ఉల్లేఖకుని పేరు తప్పు చెప్పి, సరిదిద్దినవాణ్ణి మందలించాను!

తిరిగి వచ్చాక మొదటి పాఠంలోనే అందరి ముందూ అన్నాను: “ఆ రోజు నీవు చెప్పిందే సరి, బాబూ. తప్పు నాది. నన్ను క్షమించు.” అతడు తల దించుకుని, “హజ్రత్, మీరలా అనకండి” అన్నాడు. నాటి నుంచి నా ముందు గ్రంథం తెరిచే ఉంటోంది. సనద్ విద్యార్థి చేత చదివించి వింటున్నాను.

విద్య మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని చెడకుండా తరువాతి వారికి అందించే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.